ముప్పావు అంగుళం

గోడకు వీపు ఆనించి
కొలతల పుస్తకం కాళ్ళ మధ్య ఇరికించి
సుద్దముక్కతో గీత గీశాను.
నేల నుంచి గీతకి ఇరవై ఆరున్నర.
ఇరవై ఏళ్ళుగా ఊరందరినీ కొలిచిన టేపు
నన్ను కొలవడం అదే మొదలు.

అన్నానగర్ షోరూంలో కుర్రాడు
నా మొహం చూడలేదు, చెప్పులు చూశాడు.
"స్కూటర్లు అటు, మేడమ్."
అటు పోలేదు.
ఒక్కోదాని మీదా ఎక్కి కూర్చున్నాను,
బియ్యం బస్తా మీద ఎక్కించిన పిల్లలా కాళ్ళు గాల్లో.
ఎర్రది ఎంత బాగుందో!
నూట ఎనభై కిలోలట.
ఒరిగితే ఆపడానికి నాలాంటివాళ్ళు ముగ్గురు కావాలి.
దాని అద్దంలో జుట్టు సర్దుకుని దిగేశాను.

దొరికింది పెరంబూరులో,
లోకో వర్క్స్‌లో రిటైరైన యతిరాజులు గారి గుమ్మం ముందు.
నూట పది కిలోల పాత బండి, ట్యాంకు మీద సొట్ట.
"ఎత్తొక్కటే చూడకమ్మా, సీటు వెడల్పు చూడు.
వెడల్పైతే కాళ్ళని ఎడంగా లాగేస్తుంది,
సన్నమైతే నేలకి దారిస్తుంది" అన్నాడాయన,
నడుం దగ్గర కత్తిరింపు గురించి చెప్పినట్టు.
నలభై రెండు అన్నది ముప్పై ఏడు వేలకి తెగింది.
సొట్ట ఉచితం.

పుదుపేట సందంతా డీజిలూ ఇనప రజనూ.
మస్తాన్ భాయ్ నన్ను బండెక్కించి
తను నేల మీద బోర్లా పడుకుని
నా మడమ కింద సందులో వేళ్ళు పెట్టి చూశాడు.
"మూణు విరల్!" అని లోపలికి కేకేశాడు.
మూడు వేళ్ళు. సరే, రాసుకో.

రంపపు బ్లేడుతో స్పాంజి కోస్తుంటే
శనగపిండిలా రాలింది పసుపు పొడి.
వెనక పొట్టి షాకులు వేశారు,
ముందు ఫోర్కు గొట్టాల్ని బిగింపుల్లో పైకి జరిపారు.
ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాను.
తల గోక్కుని, ఇంకొంచెం.
రెండు పాదాలూ బల్లపరుపుగా ఆనాయి.
సీటు తొడుగు నేనే కుట్టాను,
రెగ్జినుకి రెండు సూదులు విరిగాయి.

అయనావరం మొదటి స్పీడు బ్రేకరు మీద
బండి కడుపు కొబ్బరి కోరినట్టు గీరుకుంది.
ఇంటి ముందు సైడు స్టాండు వేస్తే
కుదించిన బండికి స్టాండు పొడుగై
నిటారుగా నిలబడి, కాసేపు ఆలోచించి,
అవతలికి పడింది, పక్కింటి ముగ్గు మీద.
జాకెట్టు లోపల రెండు వేళ్ళ మార్జిన్ వదలకుండా
ఏనాడూ కత్తెర పట్టనిదాన్ని.
ఆ బుద్ధి ఆ రోజు ఎటు పోయిందో!

మస్తాన్ భాయ్ నవ్వలేదు.
పాత షాకులు పారేయలేదు కూడా, గోనె కింద దాచి ఉంచాడు.
అవే బిగించి, స్ప్రింగు వదులు చేశాడు.
ఫోర్కు సగం దించాడు.
స్టాండుకి ముప్పావు అంగుళం కోసి వెల్డింగు పెట్టి
ఆ ముక్క నా అరచేతిలో వేశాడు, ఇంకా వెచ్చగా.
"రెండు కాళ్ళూ దేనికక్కా?
ఎడమది నేల మీద, కుడిది బ్రేకు మీద.
నడుం కాస్త పక్కకి జారనీ."

జారనివ్వడం నెలన్నర పట్టింది.
ఐసీఎఫ్ గోడ వెంట తెల్లారకముందే,
ఆగు, జారు, దించు. ఆగు, జారు, దించు.
రెండుసార్లు పడ్డాను.
సీటుకి వీపు ఆనించి, మోకాళ్ళతో లేపడం
మూడోసారికి ముందే వచ్చేసింది,
మూడోసారి ఇంకా రాలేదు.

ఇప్పుడు రోడ్డు వేరేగా కనిపిస్తోంది.
ఎక్కడ ఎడమకి వాలుందో,
ఎక్కడ కంకర ఉందో,
ఏ సిగ్నల్లో ప్లాట్‌ఫారం అంచు
నా పాదం కోసం ఎత్తు పెంచుకుని ఉందో.

మొన్న ఓట్టేరిలో వాన.
వెనక సంచిలో షావుకారుపేట పెళ్ళివారి పదకొండు జాకెట్లు.
ఎర్రదీపం. అంచు మునిగిపోయింది,
లోతు తెలియని నల్లటి నీళ్ళు.
వెనక లారీ హారను.
నడుం జార్చి కాలు దించాను.
నీళ్ళు. ఇంకా నీళ్ళు.
మడమ దాటాయి, పిక్క తడిసింది.

నేల ఉంది.
కాస్త కింద ఉంది, అంతే.